నేల తాకని ముక్క

హీరో చచ్చిపోతే మా కొత్తపేటలో
పమిట చెంగులు తడిసేవి.
పాట పూర్తయ్యేదాకా ప్రాణం పోదు ఆయనకి.
నేనీలోగా ఆపరేటరు గది వెనక్కెళ్ళి
బీడీ కాల్చుకుని వచ్చేవాణ్ణి.

అబ్బులు చావుకి అంత వెసులుబాటు లేదండి.
రెప్ప వేశారా, పోయిందే.

దింపు కూలీ వాడు.
కొబ్బరిచెట్టు ఎక్కడం లంకల్లో ఎవడికైనా వచ్చు,
పడ్డం వాడికొక్కడికే వచ్చు.
ఓసారి మోకు జారి, ఇసకలో పడి,
లేచి ఒళ్ళు దులుపుకుంటుంటే
ఏటిగట్టున షూటింగు చేస్తున్న ఫైటు మాస్టరు చూశాడు.
ఆ రాత్రే రాజమండ్రిలో రైలెక్కించేశాడు, ఆయ్.

అక్కణ్ణుంచి వాడు
మేడల మీంచి, గుర్రాల మీంచి, కదిలే లారీల మీంచి
ఎడం భుజం ముందు ఆనించి
చచ్చేవాడు.
నలుగురు రౌడీల్లో మూడోవాడు, చారల బనీను.
వాడు పడ్డాడంటే మా హాలు రేకులు లేచిపోయేవి:
'మనోడేరా! మనోడే పోయాడు!'

బుల్లెమ్మది నేల టిక్కెట్టు.
పీచు వలిచి వలిచి పగిలిన వేళ్ళతో
వేరుశనక్కాయలు వొలుస్తా కూచునేది.
కొడుకు చచ్చే వేళకి
సరిగ్గా ఒక కాయ చేజారేది,
వెతుక్కునేది కింద.
ఆట వదిలాక నా గది మెట్లెక్కి వచ్చేది.

'బాబూ, తరవాత ముక్క ఉందా?'
'ఏ ముక్కండి?'
'వాడు లేచేది.'

ఏ రీల్లోనూ లేదు.
వాడు నేల తాకగానే
కెమెరా హీరో మొహం మీదికి వెళ్ళిపోద్ది.

ఒక్క సినిమాలో వాడికి మాటిచ్చారు.
కత్తి దిగాక, కళ్ళు తేలేసి,
'అమ్మా!'
హాలు హాలంతా వెనక్కి తిరిగి బుల్లెమ్మని చూసింది.
ఆవిడ పొట్టు ఊదుకుంటా అంది కదా,
'ఆ గొంతు ఎవడిదో. మావోడు నన్ను మాయ్ అంటాడు.'
ఆ రోజు మెట్లెక్కలేదు.

తరవాత వచ్చిందండి, రైసుమిల్లు సినిమా.
మిల్లు కప్పు మీంచి పడతాడు.
ఈసారి కెమెరా ఎటూ పోలేదు.
దుమ్ము లేచింది, దుమ్ము అణిగింది,
మెడ ఓ పక్కకి తిరిగి ఉంది.
ఈలలు కూడా రాలేదు.
బుల్లెమ్మ కాయ జారవిడవడం మర్చిపోయి
అంతా చూసేసింది.

సెకనంటే మా లెక్కలో మూరెడు ఫిలిం.
ఆ రాత్రి బ్లేడు తీసి
మల్లెపూలు కొలిచినట్టు మోచేతి దాకా కొలిచి
మడమ ఆనే చోటి నుంచి
దుమ్ము అణిగే చోటి దాకా కోసేశాను. రెండు మూరలు.
సిమెంటు రాసి అతికించాను.
ఓనరుకి తెలిస్తే ఉద్యోగం గోదాట్లోకే.

మర్నాటి నుంచి మా ఊళ్ళో
అబ్బులు కప్పు మీంచి దూకేవాడు గానీ
నేలకి వచ్చేవాడు కాదు.

కోసిన ముక్క బుల్లెమ్మకిచ్చాను.
బల్బుకెదురుగా పట్టుకుని చూసింది.
'ఇంతేనా,' అంది.
కొంగున ముడేసుకుంది, చిల్లరతో పాటు.

రెండో వారం వాడే దిగబడ్డాడు.
స్నేహితులందరికీ బాల్కనీ కొని, ఆట చూసి,
నా గది తలుపు తన్నాడు.
'నా చావేదిరా?
పరుపు లేదు, గడ్డి లేదు, పచ్చి నేల!
దానికే అరవై ఎక్కువిచ్చార్రా నాకు,
యూనిట్టంతా చప్పట్లు కొట్టార్రా!'

వాడి వెనక మెట్ల మీద బుల్లెమ్మ.
కొంగు ముడి మీద చెయ్యి.
నేను నోరు తెరిచేలోగా
'పద, పులుసు చల్లారిపోద్ది,' అని
ముందు తనే దిగింది.

వాడు దిగుతున్నాడు
గోడ పట్టుకుని, మెట్టుకో కాలు కాక
మెట్టుకి రెండు కాళ్ళూ వేసి.
ఎడం చెయ్యి కదలట్లేదు.
ఆవిడ వెనక్కి తిరిగి చూళ్ళేదు గానీ
ప్రతి మెట్టు దగ్గరా
ఆగుతోంది.